ఆ గడియారం ఎందుకు ఆగిందో చూడు

చిన్నీ,

నీ ఎం.ఏ. ప్రాజెక్టుకి ఎడ్గార్ అలన్ పో కథల్లో చావూ భయమూ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఇంకో ఇంగ్లీషు పిచ్చిది తయారైందని పొంగిపోయాను. ఫోను పెట్టేశాక మనసు కలుక్కుమంది. నాన్న పోయి ఏడాదైనా తిరగలేదు. ఇంకే విషయమూ దొరకలేదుటే నీకు?

సరే, తీసుకున్నావు. ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ (1839), ‘ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్’ (1842), ‘ది టెల్-టేల్ హార్ట్’ (1843), ఈ మూడూ చాలు. ముందు కథలు, తర్వాతే విమర్శ. ఏ వాక్యం ఏ పేజీలోదో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకో.

ఇక అసలు సంగతి. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆన్సరు పేపర్లలో ఒకటే తప్పు. రెడ్ డెత్ కథలో ప్రాస్పెరో రాజు మహమ్మారికి దూరంగా వెయ్యిమందిని వెంటేసుకుని మఠంలో దూరతాడు. లోపలికొచ్చాక తలుపు గడియలు కొలిమి పెట్టి మరీ అతికించేస్తారు. అక్కడ తూర్పు నుంచి పడమరకి ఏడు గదులు, నీలంతో మొదలై నలుపుతో ఆఖరు. ఇంకేముంది! నీలం పుట్టుక, నలుపు చావు, మధ్యవి మనిషి దశలు అని గైడులోని పట్టిక దించేసేవాళ్లు. అది బొత్తిగా అబద్ధమూ కాదు, అదే చిక్కు. తూర్పూ పడమరా ఊరికే పెట్టలేదుగా. కానీ పట్టిక వేశాక మళ్లీ కథలోకి వెళ్లే పనుండదు. ఆరు గదుల్లో కిటికీ అద్దాలు గది రంగువే, నల్లగదిలో మాత్రం నెత్తుటి ఎరుపు అని ఒక్కరూ రాయలేదు. ఆ ఎర్రటి వెలుగు మొహాల మీద పడే తీరుకే అందులో కాలు పెట్టడానికి జంకుతారు.

ఆ గదిలోనే నల్లచేవ గడియారం. గంట కొట్టగానే వాద్యాలు ఆగుతాయి, నాట్యం ఆగుతుంది, మొహాలు పాలిపోతాయి. చప్పుడు అణగగానే నవ్వేసుకుని, ఈసారి బెదరం అని ఒకరికొకరు చెప్పుకుంటారు. గంట తిరిగేసరికి మళ్లీ అదే. చావు ఇంకా రాలేదు చూడు, భయం మాత్రం వేళకి వచ్చి పోతోంది. చివరికి ఆఖరి మనిషి ప్రాణంతోపాటే గడియారమూ ఆగుతుంది. అది చావుకి గుర్తయితే చచ్చినవాళ్లతో కలిసి ఎందుకాగాలి? దీని మీద ఎంతసేపైనా కూర్చో. నీ ప్రాజెక్టు అక్కడుంది.

1842 జనవరిలో పో భార్య వర్జీనియా పాడుతూ ఉండగా గొంతులోంచి నెత్తురు పడింది. క్షయ. మే నెలలో ఈ కథ అచ్చయింది. ఈ సంగతి ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లు. పో బాధే కథ అనేస్తే అదీ ఇంకో గైడే. పైగా నిన్నెరుగుదును, ఆసుపత్రిలో నాన్న మంచం పట్టుకుని కూర్చున్నదానివి, ఆ వాక్యం దగ్గరే ఉండిపోతావు. ఏడుపొస్తే ఏడువు తల్లీ, కాగితాలు పక్కన పెట్టి ఏడువు.

టెల్-టేల్ హార్ట్ మాత్రం రాత్రిపూట హాస్టల్లో ఒక్కదానివే చదవకు. అందులో హంతకుడి చెవిలో దూదిలో చుట్టిన వాచీలా ముసలివాడి గుండె కొట్టుకోవడం నీకిప్పుడు వద్దు. లైబ్రరీలో, పగలు, నలుగురి మధ్య చదువు. పెద్దమ్మకి చాదస్తం అనుకో, ఫరవాలేదు.

సంవత్సరీకానికి నాలుగు రోజులు ముందే రా. అమ్మకి చేతిసాయం కావాలి. రాసినంతవరకూ వెంట తెచ్చుకో, పట్టిక కనిపించిందో చింపేస్తాను.

మీ పెద్దమ్మ