పదకొండేళ్ల పాపకు ట్రావెల్ టీమ్ ఇప్పుడే కావాలా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. పాప మూడేళ్లుగా ఊళ్లోని రెక్ లీగ్‌లో, అంటే సరదాగా ఆడే స్థానిక పిల్లల లీగ్‌లో, సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతోంది. పిచర్, అంటే బంతి వేసే అమ్మాయి. ఈ స్ప్రింగ్ సీజన్ అయ్యాక ఒక ట్రావెల్ టీమ్ (ఊరూరా టోర్నమెంట్లు ఆడే, ఎంపిక చేసిన పిల్లల జట్టు) కోచ్ మమ్మల్ని పిలిచి, ఆగస్టులో ట్రయౌట్స్‌కి (ఎంపిక పోటీలకు) తీసుకురండి, చోటు దాదాపు ఖాయం అన్నారు. అప్పటినుంచి మావారు కాలేజీ స్కాలర్‌షిప్ దాకా లెక్కలు వేస్తున్నారు. ఆయన గుంటూరులో చదువుకునే రోజుల్లో క్రికెట్ బాగా ఆడేవారట. ఇంటర్‌లో చేరగానే మామయ్యగారు బ్యాటు, ప్యాడ్లు అటకెక్కించేశారట. నాకేమో టెన్షన్. శని, ఆదివారాలు టోర్నమెంట్లకే పోతాయి. కూచిపూడి క్లాసు శనివారమే. సెప్టెంబరులో అత్తయ్యగారు, మామయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఖర్చు సంగతి తలుచుకుంటే భయం. ఈ మాట ఎత్తితే ఇద్దరికీ గొడవే. పాపను అడిగితే ‘మీ ఇష్టం’ అని ఊరుకుంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఇంట్లో గొడవంతా స్కాలర్‌షిప్ చుట్టూ తిరుగుతోంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం డివిజన్ వన్, అంటే పై స్థాయి, కాలేజీ కోచ్‌లు, పాప పదకొండో తరగతిలోకి వచ్చిన ఏడాది సెప్టెంబరు 1 దాకా ఆమెతో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. సాఫ్ట్‌బాల్‌కు ఈ నిబంధన 2018లో వచ్చింది. అంతకుముందు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా కాలేజీకే ఆడతామని మాట ఇచ్చేసేవారు. ఆ తొందర మీ ఇంట్లో ఇంకా మిగిలినట్టుంది.

డబ్బు మాటకొస్తే, నిన్నమొన్నటిదాకా ఒక్కో డివిజన్ వన్ జట్టుకు పన్నెండు పూర్తి స్కాలర్‌షిప్‌లకు సరిపడా మొత్తమే ఉండేది. దాన్నే జట్టులో చాలామందికి ముక్కలుగా పంచేవారు. 2025-26 నుంచి లెక్క మారింది. ఆటగాళ్లు వేసిన దావాలో ఎన్‌సీఏఏ చేసుకున్న కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి తీసేసి, జట్టులో 25 మందికి మించి ఉండకూడదన్నారు. అంతమాత్రాన అందరికీ పూర్తి ఫీజు ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. డివిజన్ త్రీ కాలేజీల్లోనైతే ఆటల స్కాలర్‌షిప్‌లే ఉండవు. ఏటా ట్రావెల్‌కి పెట్టే డబ్బును కాలేజీ ఫీజుకు పెట్టుబడి అనుకుంటే, ఆ డబ్బు తిన్నగా కాలేజీ ఖాతాలో వేసుకోవడం మేలని మీవారికి నా మాటగా చెప్పండి.

అలాగని ఆయన మాటలో నిజం లేదనను. హైస్కూలు వయసొచ్చాక కాలేజీ కోచ్‌లు పిల్లల్ని వెతుక్కునేది చాలావరకు ట్రావెల్ టోర్నమెంట్లలోనే. పాపకు అప్పటికీ ఆట మీద ప్రాణముంటే ట్రావెల్ టీమ్ అవసరమే. పదకొండేళ్లకు మాత్రం ఆ లెక్క వెయ్యలేం. ఇప్పుడు 40 అడుగుల దూరం నుంచి బంతి వేస్తున్న పిల్ల పద్నాలుగేళ్లలోపు విభాగానికి వెళ్లగానే 43 అడుగుల నుంచి వెయ్యాలి. ఈలోగా ఎత్తు, బలం, ఒంటి తీరు అన్నీ మారిపోతాయి. ఈ వయసులో అందరికంటే ముందున్న పిల్లల్లో కొందరు తోటివాళ్లకంటే ముందు ఎదిగినవాళ్లు, అంతే. మీ పాప సంగతేమిటో మరో మూడేళ్లకు గాని తెలియదు.

ఇక అటకెక్కిన బ్యాటు. ఆ సంగతి మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం గొడవ మూలం అక్కడే కనిపిస్తోంది. తన తండ్రి తనకు చేసింది తన కూతురికి చెయ్యకూడదని ఆయన పట్టుదల. మంచి పట్టుదలే. కానీ మీరు ‘ఇప్పుడు వద్దు’ అన్నప్పుడల్లా ఆయనకు ఆ గుంటూరు ఇంట్లో విన్న గొంతే వినపడుతుంది. అందుకే ఖర్చు గురించి మీరు అడిగే మామూలు ప్రశ్న కూడా పోట్లాటగా మారుతోంది. ఒక సాయంత్రం సాఫ్ట్‌బాల్ మాట ఎత్తకుండా ఆయన క్రికెట్ రోజుల గురించే అడగండి, తీరిగ్గా వినండి. ఆ బాధకు వేరే చోటు దొరికితే పాప ఆట మీద దాని బరువు పడదు.

మీకూ ఒక మాట చెప్పాలి, ఏమనుకోకండి. కూచిపూడి క్లాసు గురించి రాశారు గానీ, అది పాపకు ఇష్టమో కాదో రాయలేదు. రేపు రంగప్రవేశం చేయించాలన్న కోరిక ఉంటే, అది ఎవరిది? మీదే అయితే, ఆయన కోరికకూ మీ కోరికకూ తేడా పెద్దగా లేదు. రెండూ ఆ పిల్ల శనివారం మీదే పడుతున్నాయి. పాప నిజంగా ఇష్టంతో నేర్చుకుంటోందనుకోండి, అప్పుడు క్లాసుకు గట్టిగా నిలబడండి. ఈ వయసులో రెండు మూడు పనులు చేసే పిల్లకే ఒళ్లూ మనసూ బాగుంటాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన నివేదికలో, ఒకే ఆటకు కట్టుబడటాన్ని పదిహేను, పదహారేళ్ల దాకా వాయిదా వేయడం మంచిదని చెప్పింది. వారంలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలు ఆ ఆటకు సెలవివ్వాలని కూడా చెప్పింది. ట్రావెల్ టీముల్లో ఆగస్టు నుంచి మళ్లీ జూలై దాకా సాగే షెడ్యూళ్లు చూస్తే ఈ మూడు నెలలు ఎక్కడా కనపడవు.

పిచర్ అన్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. చెయ్యి కిందినుంచి తిప్పి వేసేది కదా, భుజానికి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ గాలిమర తిప్పుడులోనూ భుజం మీద బాగా ఒత్తిడి పడుతుంది. టోర్నమెంట్ అంటే శనివారం పూల్ గేములు (గ్రూపు ఆటలు), ఆదివారం బ్రాకెట్ (నాకౌట్). గెలిచేకొద్దీ గేములు పెరుగుతాయి. జట్టులో మంచి పిచర్ ఒక్కతే ఉంటే ఆ భారమంతా ఆమె చేతి మీదే.

రెక్ లీగ్ గురించి కూడా మరీ గొప్పగా ఊహించుకోవద్దు. ప్రతి పిల్లకూ కనీసం ఇన్ని ఇన్నింగ్స్ ఆడే అవకాశం ఇవ్వాలన్న రూలు ఉండటం, కోచ్ పక్క వీధి నాన్నే కావడం, మైదానం ఇంటికి దగ్గర కావడం, ఓడినా ఐస్‌క్రీమ్ తిని ఇంటికి రావడం, ఇవన్నీ బాగుంటాయి. అయితే పన్నెండేళ్లు దగ్గర పడేసరికి గట్టిగా ఆడే పిల్లలు ఒక్కొక్కరే ట్రావెల్‌కి పోతారు. చాలా ఊళ్లలో రెక్ జట్లు పలచబడి, లీగ్ నడవడమే కష్టమవుతుంది. పాప వేసే బంతిని పట్టగలిగే క్యాచర్ లేకపోతే ఆమెకూ విసుగు పుడుతుంది. వచ్చే ఫాల్ సీజన్‌కి ఆ వయసులో ఎన్ని జట్లున్నాయో, పాప స్నేహితురాళ్లలో ఎవరు మిగులుతున్నారో లీగ్ వాళ్లను ముందే కనుక్కోండి. జట్టే లేనప్పుడు నేను రెక్‌లో ఉంచమన్నా లాభం లేదు.

పాప ‘మీ ఇష్టం’ అంటోందంటే, అమ్మానాన్నల్లో ఎవరి పక్షం తీసుకున్నా రెండోవాళ్లు నొచ్చుకుంటారని ఆ పిల్లకు అర్థమైపోయింది. మీరిద్దరూ ఎదురుగా కూర్చుని ‘ట్రావెల్ కావాలా, వద్దా’ అని అడిగితే ఇంకేం చెబుతుంది? ఒక్కొక్కరు విడిగా, కారులో వెళ్తున్నప్పుడో అన్నం తిన్నాకో, చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. ప్రాక్టీసు లేని రోజు బంతి పట్టుకోవాలనిపిస్తుందా? గేమ్‌లో అన్నిటికంటే నీకు నచ్చే ఘడియ ఏది? జట్టు మారితే ఎవరిని మిస్ అవుతావు? సగం గేములు బెంచి మీద కూర్చోవాల్సి వస్తే ఎలా ఉంటుంది? చెప్పిన జవాబును సరిదిద్దకండి, వెంటనే సలహా ఇవ్వకండి. ‘నువ్వేం చెప్పినా నాన్నకు కోపం రాదు’ అన్న మాట మాత్రం మీవారి నోటినుంచే రావాలి. మీరు చెబితే చెల్లదు.

ఇక కోచ్ సంగతి. ‘దాదాపు ఖాయం’ అన్నమాటకు పొంగిపోకండి. జట్టులో మొత్తం ఎంతమంది? పిచర్లు ఎంతమంది, అందులో కోచ్ కూతురు ఉందా? (నవ్వకండి. కోచ్ నాన్న తన బిడ్డకే చోటివ్వడాన్ని అనే ‘డాడీ బాల్’ అన్న మాట ఊరికే పుట్టలేదు.) ఏడాదికి ఎన్ని టోర్నమెంట్లు, టెక్సాస్ దాటి ఎన్ని? జట్టు మొత్తం వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలన్న షరతున్న టోర్నమెంట్లు ఉన్నాయా? శీతాకాలంలో సెలవు ఎంత? మధ్యలో మానేస్తే కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు? ఈ చివరి జవాబు కాగితం మీద తీసుకోండి. ఖర్చు లెక్క వేసేటప్పుడు జట్టు ఫీజుతో ఆపకండి. యూనిఫారాలు, మూడు నాలుగు వందల డాలర్ల బ్యాటు, ప్రైవేటు పిచింగ్ పాఠాలు, మైదానం గేటు దగ్గర టికెట్లు, హోటలు, పెట్రోలు, బయటి తిండి కలిపితే ఏడాదికి వేల డాలర్లలోకి పోతుంది. మీకున్న ఒక వీలేమిటంటే డల్లాస్ చుట్టుపక్కల జట్లు, మైదానాలు ఎక్కువ. రాత్రికి ఇల్లు చేరగలిగే టోర్నమెంట్లే ఆడే టీములు వెతికితే దొరుకుతాయి.

నా అభిప్రాయం అడిగితే, ఈ ఫాల్‌కి పాపను రెక్‌లోనే ఉంచి, వారానికి ఒక పిచింగ్ పాఠం పెట్టించండి. ఆ కోచ్‌ను ఒకటి రెండు టోర్నమెంట్లకు గెస్ట్ ప్లేయర్‌గా తీసుకోమని అడగండి. చాలా జట్లు ఎవరైనా రాలేనప్పుడు అలా తీసుకుంటాయి. ఎండలో రెండు రోజులు ఆడి వచ్చాక పాప ముఖం చూస్తే, మీ ఇద్దరి వాదనల్లో తేలనిది చాలా తెలుస్తుంది. రెక్ జట్టు చెదిరిపోయినా, పాపే నోరు తెరిచి ట్రావెల్ కావాలన్నా, దగ్గర్లో ఆడే చిన్న జట్టు ఏదైనా చూసి ఒక్క ఏడాదికే అనుకుని చేర్చండి. ఏడాది చివర మళ్లీ అడుగుతామని పాపకు ముందే చెప్పి ఉంచండి.

ఏ దారి పట్టినా బాబును మరవకండి. అక్క గేముల దగ్గర మడతకుర్చీలో ట్యాబ్లెట్‌తో కూర్చోవడమే వాడి వారాంతం కాకూడదు. నెలలో ఒక శనివారం వాడిది. ఆ రోజు టోర్నమెంట్ ఉంటే ఒకరు పాపతో, ఒకరు వాడితో. అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చేసరికి టెక్సాస్ ఎండలు కొంచెం తగ్గుతాయి. రెక్ గేమ్ గంటన్నరలో అయిపోతుంది కాబట్టి వాళ్లనూ తీసుకెళ్లొచ్చు. నీడనిచ్చే కుర్చీలు, ఫ్లాస్కులో కాఫీ ఉంటే చాలు. కొడుకు బ్యాటు అటకెక్కించిన మామయ్యగారు మనవరాలు బంతి వెయ్యడం చూస్తే మీవారికి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. కాలేజీ మహిళల వరల్డ్ సిరీస్ ఏటా మే చివర, జూన్ మొదట్లో ఓక్లహోమా సిటీలో జరుగుతుంది. మీకు కారులో మూడు గంటల దూరం. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లోనే అయినా సాఫ్ట్‌బాల్ మాత్రం ఓక్లహోమా సిటీలోనే ఆడిస్తున్నారు. వచ్చే వేసవిలో తండ్రీకూతుళ్లిద్దరినే పంపండి, స్కాలర్‌షిప్ మాట ఎత్తకూడదన్న షరతు మీద. కోచ్‌కు ఇప్పుడు ఇవ్వాల్సిన జవాబు చిన్నదే: ‘పిలిచినందుకు థాంక్స్, ట్రయౌట్స్ లోపు చెబుతాం, గెస్ట్‌గా ఆడే వీలుందా?’ ఈ వారంలోనే డబ్బు కట్టాలని పట్టుబట్టే కోచ్ అయితే ఆ జట్టు వద్దు.