డబ్బా తెరిస్తే చాలు, కోపం వస్తోంది

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) వల్ల మింగడం రాదు, మాటలూ రావు. పొట్టకు చేసిన రంధ్రంలో అమర్చిన బటన్ అనే చిన్న గొట్టం ద్వారానే ఆహారం ఇస్తాం. ప్రతి నెలా వచ్చే సామగ్రిలో ఏదో ఒకటి తేడాగా ఉంటుంది. ఈసారి ముప్పై ఫీడింగ్ బ్యాగులు రావలసి ఉండగా ఇరవై రెండే వచ్చాయి. బ్యాగును బటన్‌కు కలిపే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు మా బటన్‌కు పట్టనివి పంపారు. సరఫరా సంస్థకు ఫోను చేస్తే డాక్టరు కాగితం అందలేదంటారు. డాక్టరు దగ్గర అడిగితే ఎప్పుడో పంపామంటారు. మొన్న ఫోను తీసిన అమ్మాయి మీద గొంతు చించుకుని అరిచాను. పాప పక్కనే ఉంది. ‘ప్రతిదానికీ యుద్ధమేనా, కాస్త ఓపిక పట్టు’ అంటారు మావారు. చేసేది లేక బ్యాగులు కడిగి మర్నాడూ వాడుతున్నాను. నా కోపం ఒక రోగంగా మారిందా? ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాలా?
– ఒక తల్లి

జవాబు: మీ కోపం గురించి మాట్లాడేముందు ఆ బ్యాగుల సంగతి చూద్దాం. ఫీడింగ్ బ్యాగును సాధారణంగా 24 గంటల వాడకానికే తయారు చేస్తారు. ఎంత కడిగినా గొట్టం లోపల ఫార్ములా (గొట్టం ద్వారా ఇచ్చే ద్రవాహారం) జిడ్డు కొంత మిగిలిపోతుంది, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మళ్లీ వాడక తప్పని పరిస్థితి వస్తే ఏం చేయాలో పాపను చూసే నర్సునో డైటీషియన్‌నో ఈరోజే అడగండి. ఆహారాన్ని ఎక్కించే పంపు లేకుండా సిరంజితో కొంచెం కొంచెంగా ఇవ్వడం మీ పాపకు పడుతుందేమో కూడా కనుక్కోండి. పడితే, బ్యాగులు అందని రోజు గడవడానికి దారి దొరుకుతుంది. మీరు రాయలేదు గానీ, ఇలాంటి ఇళ్లలో తరచూ జరిగేది మరొకటుంది. ఫార్ములా తక్కువ పడితే నీళ్లు ఎక్కువ కలిపి సాగదీస్తారు. ఆ పని మాత్రం ఎన్నడూ చేయకండి. బిడ్డ బరువు తగ్గడంతో ఆగదు, రక్తంలో సోడియం పడిపోతే మూర్ఛలు కూడా రావచ్చు.

ఇక మీ కోపం. అది రోగం కాదు. ఆగగలిగిన వాటి విషయంలోనే ఓపిక పట్టగలం. పాప బటన్ ఊడిపోతే ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. ఇంట్లో మరో బటన్ లేకపోతే ఆ రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఫోనుకు అవతల ఉన్నవారికి తెలియదు. వారికది పట్టికలో ఒక వరుస. ఒకే పరిస్థితిని ఇద్దరు ఇంత వేరుగా చూస్తున్నప్పుడు ఒకరి గొంతు పెరగడంలో వింతేమీ లేదు.

దీని కింద ఇంకొకటి కూడా ఉందని నాకు అనిపిస్తోంది. మేధో వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రుల్లో ఒక దుఃఖం ఏళ్ల తరబడి ఉండిపోతుందని, అది మానసిక రుగ్మత కాదని, సహజమైన స్పందనేనని 1962లో అమెరికా పరిశోధకుడు సైమన్ ఒల్షాన్‌స్కీ రాశారు. ‘దీర్ఘకాల దుఃఖం’ అని దానికి పేరు పెట్టారు. అది మామూలు రోజుల్లో అణిగి ఉంటుంది, ఏదో ఒక సందర్భంలో పైకి లేస్తుంది. మీ ఇంట్లో ఆ సందర్భం నెలనెలా డబ్బాలో వచ్చి గుమ్మంలో దిగుతోంది. ట్యూబులు తప్పుగా వచ్చినందుకు కొంత, అసలు ట్యూబులు కావలసి వచ్చినందుకు కొంత, రెండూ కలిసి ఆ అమ్మాయి మీద పడ్డాయి. మొదటిది కాగితాల మీద పరిష్కరించవలసింది. రెండోది మనసు విప్పి మాట్లాడుకోవలసింది, అందుకు సరఫరా సంస్థ ఫోను తగిన చోటు కాదు. ఇలాంటి పిల్లల్ని పెంచుతున్న మరో తల్లి దొరికితే ఆమెతో మాట్లాడండి. మీరు వివరించకుండానే ఆమెకు చాలా అర్థమవుతుంది.

కాగితాల విషయానికొస్తే, ఇకమీదట ఫోను చేసినప్పుడు ‘ఎందుకు రాలేదు’ అని అడగకండి. ఆ ప్రశ్నకు వెంటనే ఒక సాకు దొరుకుతుంది. ‘ఈ ఆర్డరు ఇప్పుడు ఎవరి దగ్గర ఆగింది’ అని అడగండి. అది ఆగే చోట్లు సాధారణంగా మూడే: డాక్టరు సంతకం దగ్గర, డబ్బు మంజూరు దగ్గర, గోదాములో సరుకు దగ్గర. మూడింట్లో ఏదో తేలితే తర్వాతి ఫోను ఎవరికి చేయాలో మీకు తెలుస్తుంది. మాట్లాడినవారి పేరు, తేదీ, చెప్పిన గడువు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. వీలైతే అదే సంగతి రాతపూర్వకంగా వారికి పంపండి. అరుపు ఫోను పెట్టగానే పోతుంది, ఉత్తరం వారి ఫైల్లో ఉండిపోతుంది.

డాక్టరు చీటీ కూడా తీసి చూడండి. చాలా తగాదాలకు మూలం అక్కడే ఉంటుంది. ‘ఫీడింగ్ సామగ్రి’ అని మాత్రమే రాసి ఉంటే ఎవరికి తోచింది వారు పంపుతారు. బటన్ తయారీదారు, మోడల్, మందం ఎన్ని ఫ్రెంచ్, పొడవు ఎన్ని సెంటీమీటర్లు, ఏ సామాను నెలకు ఎన్ని, ఎందుకు అవసరం, బదులుగా వేరే రకం ఎందుకు పంపకూడదు అన్నవన్నీ అందులో ఉండాలి. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. కాబట్టి 12కూ 14కూ తేడా సుమారు 0.7 మిల్లీమీటర్లే. ఇంత చిన్న తేడా గోదాములో కంటికి ఆనదు, కాగితం మీద అంకె ఉంటేనే పట్టుబడుతుంది. పాప పెరుగుతున్న కొద్దీ బటన్ పొడవు మారుతుంది, అందువల్ల పాత చీటీనే తిరగరాయించుకోకుండా కొలత తీయించండి. ఎక్స్‌టెన్షన్ ట్యూబు బటన్‌కు పట్టకపోతే అది వేరే మోడల్‌ది కావచ్చు. సిరంజి, బ్యాగు వైపు కుదరకపోతే ఒకటి పాత రకం, మరొకటి ఎన్‌ఫిట్ రకం అయి ఉండవచ్చు. ఆహారపు గొట్టాన్ని పొరపాటున నరానికి ఎక్కించే గొట్టానికి కలపకుండా ఉండేందుకు తెచ్చిన కొత్త రకం అమరిక ఈ ఎన్‌ఫిట్. ఉద్దేశం మంచిదే, రెండు రకాలు కలిసి వచ్చిన ఇంట్లో మాత్రం తలనొప్పే. చీటీ గడువు ముగిసే తేదీకి నెల ముందే కొత్తదానికి అడగండి. అదనపు బటన్ ఒకటి, పాత బటన్ లోపలికి వెళ్లనప్పుడు రంధ్రం మూసుకుపోకుండా పెట్టడానికి ఒక సైజు తక్కువ ట్యూబు ఇంట్లో ఉండాలో లేదో డాక్టరునే చెప్పమనండి. ఉండాలంటే అదీ చీటీలో రాయించండి.

మీవారి గురించి. ఆయనది పూర్తిగా నిర్లక్ష్యమే అనుకోను. మీరు అరిస్తే ఆ సంస్థ ఇంకా సతాయిస్తుందేమోనని భయపడుతూ ఉండవచ్చు. కానీ ఓపిక పట్టమని చెప్పే హక్కు ఆ పని చేసినవారికే ఉంటుంది. ఆయన్ను సాయం అడగకండి. సాయం అంటే పని మీదేనని, ఆయన అప్పుడప్పుడూ చేయి వేస్తారని ఒప్పుకున్నట్టే. వచ్చే నెల ఈ వ్యవహారం మొత్తం, డబ్బా తెరిచి లెక్కపెట్టడం దగ్గర నుంచి ఫోన్లు, ఉత్తరాల దాకా, ఆయనకు అప్పగించండి. వెనక నుంచి గుర్తు చేయకండి, అదే కష్టం మీకు! నిల్వ ఎంతకు పడిపోతే మీరు జోక్యం చేసుకుంటారో ముందే ఇద్దరూ అనుకోండి, పాప మీద ప్రయోగం కాకూడదు కదా. యుద్ధం ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలిసివస్తుంది.

పాప విన్నదని బాధపడుతున్నారు. మాటలు రాని పిల్లలకు ఏమీ అర్థం కాదనుకునేవారు చాలామంది ఉన్నారు, మీరు అలా అనుకోకపోవడం నాకు నచ్చింది. ‘బ్యాగులు తక్కువ పంపారని నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు’ అని ఆమెకు చెప్పండి. ఆ ఫోన్లు ఇకపై వేరే గదిలో చేయండి.

ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాలా అని అడిగారు. అరిచినందుకు చెప్పండి, ఒక్క వాక్యంలో. ట్యూబులు అడిగినందుకు చెప్పకండి. ఫోను పెట్టే ముందు, మిగిలిన ఎనిమిది బ్యాగులు ఏ రోజు వస్తాయో అడిగి రాసుకోండి.