క్యామ్ కొన్నా వరస మనమే చెప్పాలా?

ప్రశ్న: బాలానగర్‌లో మాది చిన్న మెషిన్ షాపు. ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్), దానికి ప్రోగ్రామ్ రాసే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. అల్యూమినియం హౌసింగ్ లాంటి తిరకాసు జాబు వస్తే ఎన్ని సెట్టింగులు (బిగింపులు), ఏది ముందు అన్నది మా సీనియర్ ఆపరేటరే తేల్చాలి. త్రీడీ మోడల్ ఇస్తే ప్రాసెస్ షీట్ (పనుల వరస రాసిన కాగితం) దానంతటదే రాసే సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: ఉందని అమ్మేవాళ్లున్నారు. సగమే నమ్మండి. టూలు ఏ దారిన తిరగాలో చెప్పేది క్యామ్. జాబును ఎక్కడ పట్టాలి, ఎన్నిసార్లు తిప్పి బిగించాలి అన్నవి తేల్చేది క్యాప్, అంటే కంప్యూటర్ ఎయిడెడ్ ప్రాసెస్ ప్లానింగ్.

ఇందులో ఒక రకం సాఫ్ట్‌వేర్ మోడల్ చూసి రంధ్రాలు, పాకెట్లు (గుంటలు) గుర్తుపట్టి వరస తానే అల్లుతుంది. అవి విడివిడిగా ఉంటే ఇట్టే పట్టేస్తుంది. పాకెట్‌ను స్లాట్ (పొడవాటి గాడి) అడ్డంగా కోసిందా, తికమక పడొచ్చు. మీ హౌసింగే చూడండి. ఎదురెదురు గోడల్లోని రెండు బోర్లు (కచ్చితమైన సైజుకు కోసే రంధ్రాలు) ఒకే అక్షం మీద ఉండాలంటే, వీలైనంతవరకు ఒకే బిగింపులో కొట్టాలి. ఆ సంగతి ఆకారంలో కనపడదు, టాలరెన్సులో, అంటే ఎంత తేడా ఒప్పుకుంటారన్న షరతులో ఉంటుంది. కాబట్టి కస్టమర్‌ను స్టెప్ ఏపీ242 అనే రకం త్రీడీ ఫైలు అడగండి. 2014లో వచ్చిన ఈ ప్రమాణంలో టాలరెన్సులను కూడా కంప్యూటర్ చదవగలిగేలా పంపొచ్చు. అయితే కస్టమర్ వాటిని మోడల్‌లో పెట్టి ఉండాలి. ఎస్‌టీఎల్ అనే రకం ఫైలు ఇస్తామంటే మాత్రం వద్దనండి, అందులో ఉండేవి వట్టి త్రిభుజాలే.

మీకు పనికొచ్చేది రెండో రకం: పాత జాబు షీటు తీసి కొత్తదానికి సవరించుకోవడం. జర్మనీలోని ఆఖెన్‌లో ప్రొఫెసర్ ఒపిట్జ్ ఒకేలాంటి భాగాలను గుర్తించడానికి వాటి ఆకారాలకు అంకెల కోడ్ కట్టాడు. మీకు అంత అక్కర్లేదు. ఎక్సెల్‌లో ఆకారం, మెటీరియల్, సైజు, సెట్టింగుల వరస రాసుకుంటే చాలు. ఇంకో కాలమ్ మాత్రం మరవకండి: ‘ఎందుకు’. పలుచటి గోడకు రఫింగ్ (మొదటి మోటు కోత) అయ్యాక బిగింపు వదులు చేసి, మళ్లీ తేలిగ్గా పట్టి ఫినిషింగ్ (చివరి నున్నటి కోత) ఎందుకు చేస్తారు? బిగింపుకు వంగిన గోడ, వైస్ విప్పగానే వెనక్కి లేచి కొలత తప్పుతుంది. ఇలాంటివి మీ సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి. ఆయన రిటైరయ్యాక అడగడానికి మనిషి ఉండడు.

అయినా కొనాలనిపిస్తే, డెమోకు కంపెనీవాళ్ల మోడల్ కాకుండా మీ హౌసింగ్ ఫైలే ఇవ్వండి. బోరులోకి దూసుకెళ్లే అడ్డరంధ్రాన్ని సాఫ్ట్‌వేర్ బోరు ఫినిషింగ్ తర్వాత పెట్టిందేమో చూడండి. పెడితే బర్ (కోత అంచున లేచే లోహపు ముళ్లు) అంతా ఫినిష్ అయిన బోరులోనే మిగులుతుంది.