కోర్సు పూర్తయినా హెచ్. పైలోరీ పోలేదంటే

కడుపులో ఉండే హెచ్. పైలోరీ బ్యాక్టీరియాకు ఇచ్చిన మందులు 14 రోజులు ఒక్క మాత్ర కూడా వదలకుండా వేసుకున్నా శ్వాస పరీక్షలో మళ్లీ పాజిటివ్ వచ్చిందని మీరన్నారు. మీకిచ్చిన క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు ఆ బ్యాక్టీరియా లొంగకపోవడమే ఎక్కువగా కనిపించే కారణం.

1. పాత చీటీతో అదే కోర్సు మళ్లీ కొనకండి. ఒకసారి పనిచేయని క్లారిత్రోమైసిన్ రెండోసారి పనిచేసే అవకాశం తక్కువ.

2. చాలామంది వదిలేసేది పాత మందుల చిట్టా. ఎప్పుడో గొంతునొప్పికి వాడిన అజిత్రోమైసిన్ కూడా క్లారిత్రోమైసిన్ వర్గానిదే. మూత్రంలో మంటకు వాడిన సిప్రోఫ్లాక్సాసిన్ ఉంటే, అదే వర్గానికి చెందిన లీవోఫ్లాక్సాసిన్ కూడా పనిచేయకపోవచ్చని అనుమానపడాలి. పాత చీటీలు, మందుల అట్టలు వెతికి పేర్లు రాసుకోండి. డాక్టరు అడగకపోయినా చూపించండి, నిజానికి చాలాసార్లు అడగరు. అమోక్సిసిలిన్ మాత్రం మళ్లీ రాస్తే కంగారు వద్దు, దానికి ఈ బ్యాక్టీరియా లొంగకపోవడం అరుదు.

3. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం తగ్గించే మాత్ర కలిసిన నాలుగు మందుల కోర్సు గురించి అడగండి. సాధారణంగా 14 రోజులు. బిస్మత్‌తో మలం, నాలుక నల్లబడతాయి. భయపడి మధ్యలో ఆపకండి. మద్యం ముట్టకండి.

4. కోర్సు ముగిశాక కనీసం 4 వారాలు ఆగి మళ్లీ శ్వాస పరీక్ష. దానికి ముందు 2 వారాలు ఆమ్లం తగ్గించే మాత్రలు డాక్టరుకు చెప్పి ఆపాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా నెగటివ్ రావచ్చు.

రెండో కోర్సూ విఫలమైతే ఎండోస్కోపీలో కడుపు లోపలి నుంచి తీసిన ముక్కపై ఏ మందు పనిచేస్తుందో పరీక్షించమనండి.

నల్లటి జిగట మలం బిస్మత్ వాడనప్పుడు కనిపించినా, రక్తపు వాంతి అయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.