ఇప్పుడు లేని జర్మన్ ఆర్మీ ఫుట్‌బాల్ క్లబ్ ఏదైనా తెలుసా? అది ఎందుకు పోయింది?

నాకు బాగా తెలిసింది ఫోర్వెర్ట్స్. తూర్పు జర్మనీ సైన్యం టీమ్. దేశమే పోయింది, సైన్యం పోయింది, దాంతో పాటు టీమూ పోయిందని అందరూ చెప్పే కథ. నేనొప్పుకోను. దాన్ని చంపింది ట్రాన్స్‌ఫర్.

ట్రాన్స్‌ఫర్ సంగతి నాకు చెప్పక్కర్లేదు. మా నాన్నది ప్రభుత్వోద్యోగం. పదో తరగతి అయ్యేలోపు ఐదు ఊళ్లు తిరిగాను. "మీదే ఊరు?" అంటే ఇప్పటికీ వెంటనే జవాబు రాదు.

బెర్లిన్‌కు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం మావర్‌పార్క్ సంతకు వెళ్లాను. ఒకప్పుడు బెర్లిన్ గోడ ఉన్న చోటే ఆ పార్కు, దాన్ని ఆనుకునే ఫోర్వెర్ట్స్ ఆడిన యాన్ స్టేడియం ఉండేది. అక్కడ ఒక పెద్దాయన గాజు మూత పెట్టెలో పాత బ్యాడ్జీలు, క్లబ్ జెండాలు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఎరుపు, పసుపు రంగుల్లో అరచేతి వెడల్పు జెండా ఒకటి, అంచున కుచ్చులు సగం ఊడిపోయాయి. నాకొచ్చిన జర్మన్‌లో అడిగాను, "ఇది బెర్లిన్ టీమేనా?" అని.

"ఏ సంవత్సరంలో?" అన్నాడు.

వేళ్లు మడుస్తూ లెక్క చెప్పాడు. 1951లో లైప్‌జిగ్‌లో పుట్టింది. అప్పటికి తూర్పు జర్మనీకి సైన్యమన్న పేరే లేదు, బ్యారక్‌లలో ఉండే పోలీసులే సైన్యం. 1953లో సీజన్ మధ్యలోనే టీమ్‌ను మూటగట్టి బెర్లిన్‌కు తెచ్చారు. 1971లో మళ్లీ ఆర్డర్, ఈసారి ఫ్రాంక్‌ఫర్ట్‌కు. బ్యాంకులున్న ఫ్రాంక్‌ఫర్ట్ కాదండోయ్, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఉన్నది. (మా తోడల్లుడు ఈ రెంటికీ తేడా తెలియక ఒకసారి తప్పు ఊరికి రైలు టికెట్ తీశాడు. ఆ గొడవ ఇక్కడెందుకు.)

బెర్లిన్‌లో ఉన్నన్నాళ్లూ వాళ్లది రాజ్యమే. 1958, 60, 62, 65, 66, 69లో లీగ్ ఛాంపియన్లు. 1962లో నిర్బంధ సైనిక సేవ పెట్టాక మంచి కుర్రాళ్లను లాక్కోవడం ఇంకా తేలికైంది. అన్యాయమే, కాదనను. కానీ ఆట ఆటే. 1970 మార్చిలో యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ క్లబ్ ఫెయెనూర్డ్‌ను బెర్లిన్‌లో 1-0తో ఓడించారు. రోటర్‌డామ్‌లో 0-2తో ఓడి బయటికొచ్చారు, ఆ ఏడు కప్పు ఫెయెనూర్డ్‌దే. ఆ మరుసటి ఏడాదే ట్రాన్స్‌ఫర్!

ఖాళీ అయిన యాన్ స్టేడియంలోకి స్టాసి (తూర్పు జర్మనీ రహస్య పోలీసు) అధిపతి మీల్కే ముద్దుల టీమ్ డైనమో దిగింది. 1979 నుంచి 1988 దాకా వరసగా పది టైటిళ్లు కొట్టింది. ఇది కాకతాళీయం అనేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. ఫోర్వెర్ట్స్ మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. 1974లో ఇటలీ క్లబ్ యువెంటస్‌ను అక్కడ 2-1తో ఓడించారు, రెండో మ్యాచ్‌లో 0-3తో తిన్నారు. 1991లో పేరు కూడా మార్చేసి విక్టోరియా అన్నారు.

"టీమ్ వెళ్లిపోయాక అక్కడికి వెళ్లి చూశారా?" అని అడిగాను.

"ఒక్కసారి. రైల్లో గంట పైనే. మా నాన్న దారి పొడవునా నోరు విప్పలేదు," అన్నాడు.

మన దగ్గరా యూనిఫాం టీమ్ ఒకటి ఉండేది, హైదరాబాద్ సిటీ పోలీస్. రహీం సాబ్ కోచ్. 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టారు. ఇవాళ బయర్న్ బెంచీ మీద కూర్చునేవాళ్ల పేర్లు కూడా గడగడా చెప్పే మన కుర్రాళ్లలో ఎంతమందికి అది తెలుసు? సరే, దానికి ఎవరైనా వేరే ప్రశ్న అడగండి, రాస్తాను.

జెండా పది యూరోలన్నాడు. సుల్తాన్ బజార్‌లో బేరమాడిన ధైర్యంతో ఐదుకు అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పది ఇచ్చి తీసుకుని, ఫ్రాంక్‌ఫర్ట్ రోజులది కూడా ఉందా అన్నాను. పెట్టె అడుగు నుంచి ఒకటి లాగాడు. రంగు కొంచెం కూడా వెలవలేదు, కుచ్చులన్నీ ఉన్నాయి.

"ఇది ఊరికే తీసుకో," అన్నాడు.