మూడు డబ్బాలూ ఒకేసారి బిగించకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశా. నీ బైక్‌కి పెట్రోల్ సర్దే ఫ్యూయల్ మాడ్యూల్, క్లచ్ పట్టకుండా గేర్ పైకి మార్చనిచ్చే క్విక్‌షిఫ్టర్, వెనక టైర్ జారితే పవర్ కోసే ట్రాక్షన్ కంట్రోల్, మూడూ టేబుల్ మీద వరసగా పేర్చి "మామయ్యా, రేస్ ట్రాక్ మీద తిరిగే ట్రాక్ డే లోపు అన్నీ బిగించేస్తా" అని రాశావు. కొత్త సామాను చేతికొస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు, నాకు తెలుసు. కానీ ఈసారికి ఒక్కటే బిగించు, ఫ్యూయల్ మాడ్యూల్. మిగతా రెండు డబ్బాలూ మూతేసి పక్కన పెట్టు. ఎందుకో చెప్తా, ఉత్తరం కాస్త పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదువు.

మూడూ ఒకేసారి వేశావనుకో, కార్నర్ లోంచి బయటికొస్తుంటే బండి ఒక్కసారి దగ్గిందనుకో, అది పెట్రోల్ చాలక దగ్గిందా, ట్రాక్షన్ కంట్రోల్ పవర్ కోసేసిందా, నీ బూటు లివర్‌కి తగిలి క్విక్‌షిఫ్టర్ స్పార్క్ ఆపిందా, సీటు మీద కూర్చున్నోడికి తెలిసే మార్గం లేదు, మూడూ ఒకేలా ఉంటాయి. అప్పుడేం చేస్తావు, ఏది చేతికందితే దాన్ని తిప్పుతావు, సాయంత్రానికి ఏది ఎక్కడుందో నీకే గుర్తుండదు. ఒకటి వేసి, దాంతో ఒక రోజంతా తిరిగి, అది నీ చేతికి అలవాటయ్యాకే రెండోది.

మాడ్యూల్ కంటే ముందు బండి ఆరోగ్యం చూడు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, వాల్వ్ క్లియరెన్స్, థ్రాటిల్ బాడీల సింక్ (అంటే అన్నీ సమానంగా తెరుచుకోవడం), చైన్ టెన్షన్. సింక్ తప్పిన ఇంజన్‌కి మ్యాప్, అంటే ఎంత థ్రాటిల్‌కి ఏ ఆర్‌పీఎంలో ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే గళ్ల పట్టిక, రాయడమంటే వంకర గోడకి సున్నం కొట్టినట్టే.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. బరువు లెక్కలో ఒక పాలు పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజన్ ఎక్కువ బలం ఇచ్చేది మాత్రం అక్కడ కాదు, దాదాపు 13 దగ్గర, అంటే కాస్త రిచ్‌గా, పెట్రోల్ పాలు ఎక్కువగా ఉన్నప్పుడు. షోరూం నుంచి వచ్చిన బండి పొగ రూల్స్ కోసం చిన్న థ్రాటిల్‌లో 14.7 చుట్టూనే తిరుగుద్ది, ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, తనే సర్దుకుంటా ఉంటది. పైగా థ్రాటిల్ పూర్తిగా మూసి ఇంజన్ బ్రేకింగ్‌లో వస్తున్నప్పుడు చాలా బండ్లు పెట్రోల్‌ని పూర్తిగా ఆపేస్తాయి, మళ్లీ తెరవగానే ఒక్కసారి అందిస్తాయి. రోడ్డు మీద ఇది పెద్దగా తెలీదు. ట్రాక్‌లో ఎపెక్స్ దగ్గర, అంటే మలుపు లోపలి అంచుకి చేరే చోట, మోకాలు కింద ఆనుకుని ఉన్నప్పుడు, అదే పనిగా తగులుద్ది. చైన్ లూజంతా ఒక్క దెబ్బకి బిగుసుకుని ఆ కుదుపు వెనక టైర్‌కి చేరుద్ది. అది చిన్న కుదుపే రా, కానీ నీ చెయ్యి దాన్ని గుర్తుపెట్టుకుంటది, రెండు ల్యాప్‌ల తర్వాత నీకు తెలీకుండానే థ్రాటిల్ ఆలస్యంగా తెరవడం మొదలుపెడతావు.

అందుకే చెప్తున్నా, ఫ్యూయల్ ట్యూనింగ్ నీకు ఇచ్చే అసలు లాభం పైన దొరికే నాలుగు హార్స్‌పవర్ కాదు. ఆ మొదటి తెరుపు మెత్తగా ఉండటం. బండిని రోలర్ మీద ఎక్కించి బలం కొలిచే డైనో దగ్గరికి వెళ్లినప్పుడు అందరూ ఫుల్ థ్రాటిల్ గ్రాఫ్ ప్రింట్ తీసుకుని వచ్చేస్తారు, నువ్వలా రాకు. బ్రేక్ ఉన్న డైనో, అంటే రోలర్‌ని పట్టి ఆర్‌పీఎం ఒకేచోట నిలబెట్టగలిగేది ఎక్కడుందో వెతుక్కో. 5 శాతం, 10 శాతం, 20 శాతం థ్రాటిల్‌లో ఒక్కో ఆర్‌పీఎం దగ్గర ఆపి ఆపి మ్యాప్ రాయమను. టైం పడుద్ది, ట్యూనర్ విసుక్కున్నా సరే, నువ్వు కార్నర్‌లో ఉండేది మ్యాప్‌లోని ఆ గళ్లలోనే. ఇంకో మాట, మొదలుపెట్టే ముందు బండి ఉన్నది ఉన్నట్టుగా ఒక రన్ తీయించు. అది లేకపోతే తర్వాత వచ్చిన అంకెని దేంతో పోలుస్తావు? వేరే డైనో మీద వేరేవాడికొచ్చిన అంకెతో మాత్రం పోల్చకు, ఆ రెండిటికీ సంబంధమే ఉండదు.

నీ దగ్గరున్నది పిగ్గీబ్యాక్ రకం, పవర్ కమాండర్ లాంటిది. ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్యలో కూర్చుని ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఆ టైంని పెంచుద్ది, తగ్గించుద్ది. బిగించడం సులువు, నచ్చకపోతే పీకేయొచ్చు. కానీ దానికి కొన్ని చేతకావు. ఈసీయూ పెట్రోల్ పూర్తిగా ఆపేసినచోట అది పెంచడానికి ఏమీ ఉండదు, సున్నాకి పది శాతం కలిపినా సున్నాయే కదా. అలాగే కింది గేర్లలో కంపెనీ వాడు రెండో వరస థ్రాటిల్ ప్లేట్లని పూర్తిగా తెరుచుకోనీయకపోతే అది కూడా దీని చేతిలో లేదు. అవి కావాలంటే ఈసీయూ ఫ్లాష్, అంటే దాని లోపలి ప్రోగ్రామే మార్చి రాయడం, చేయించాల్సిందే. ఫ్లాష్ చేసే రోజు బ్యాటరీకి చార్జర్ పెట్టి ఉంచు, మధ్యలో కరెంటు పడిపోతే ఈసీయూ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది, ముందు ఒరిజినల్ ఫైల్ కాపీ తీసి రెండు చోట్ల దాచుకో. రెవ్ లిమిటర్, అంటే ఇంజన్ తిరిగే వేగానికి పెట్టిన హద్దు, పెంచుతానంటే మాత్రం ఒప్పుకోకు, వాల్వ్ స్ప్రింగులు ఆ స్పీడుకి అందుకోలేకపోతే వాల్వ్ వెళ్లి పిస్టన్‌కి తగులుద్ది.

ఇక్కడే ఒరిజినల్ ఆక్సిజన్ సెన్సర్ సంగతి మర్చిపోకు. మాడ్యూల్ పెట్రోల్ కలుపుతా ఉంటే ఈసీయూ ఆ సెన్సర్ చూసి "ఎక్కువైంది" అని తీసేస్తా ఉంటది, ఇద్దరూ అటూ ఇటూ లాక్కుంటా ఉంటారు. కిట్‌తో ఆ సెన్సర్ బదులు పెట్టే ఎలిమినేటర్ ప్లగ్ వచ్చే ఉంటది, అది పెట్టు. మ్యాప్‌ని తనే దిద్దుకునే ఆటోట్యూన్ వాడితే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి, ఒరిజినల్ సెన్సర్ 14.7కి ఇటా అటా అనే చెప్పగలదు, ఎంత అని చెప్పలేదు. నేనొకసారి హెడర్ (ఇంజన్‌కి తగిలే ఎగ్జాస్ట్ పైపు) జాయింట్ దగ్గర సన్నటి లీక్ ఉన్న సంగతి గమనించకుండా ఆటోట్యూన్ ఆన్ చేసి రెండు సెషన్లు తిరిగా. లీక్ లోంచి బయటి గాలి లోపలికి వెళ్లి సెన్సర్‌కి అంతా లీన్‌గా, పెట్రోల్ తక్కువైనట్టు కనపడింది, అది చెప్పినట్టల్లా మాడ్యూల్ పెట్రోల్ పోస్తానే ఉంది. పిట్‌లో ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగూ మసి పట్టి కాటుక డబ్బాలో ముంచినట్టున్నాయి, ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కంపు. ఆ ఆయిల్‌తో ఇంకో సెషన్ తిరిగుంటే బేరింగులు పోయేవి. అందుకని ముందు ప్రతి జాయింట్ దగ్గరా ఎగ్జాస్ట్ లీక్ చెక్ చెయ్యి. ఆటోట్యూన్ చెప్పిందల్లా అలాగే ఒప్పేసుకోకు, ఏ గడిలోనైనా పక్క గళ్లకంటే అంకె విడ్డూరంగా ఉంటే అనుమానించు.

పెట్రోల్ కుదిరాకే క్విక్‌షిఫ్టర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే గేర్‌బాక్స్ పాడయ్యేది ఇక్కడే.

గేర్ల పక్కన పళ్లలాగ పొడుచుకొచ్చిన డాగ్స్ ఉంటాయి, ఒకదాని డాగ్స్ ఇంకోదాని సందుల్లో ఇరుక్కుంటేనే గేర్ పడినట్టు. వాటి అంచులు కాస్త లోపలికి వాలుగా కోసుంటాయి, అందువల్ల ఇంజన్ లాగుతున్నంతసేపూ అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఉంటాయి. నువ్వు లివర్ ఎంత తన్నినా ఆ లోడ్ పోతేగానీ విడవవు. క్విక్‌షిఫ్టర్ చేసేదల్లా ఆ లోడ్‌ని ఒక్క క్షణం తీసేయడమే, ఆ సందులో గేర్‌బాక్స్ లోపలి ఫోర్క్ గేర్‌ని జరిపేస్తది. ఆ క్షణం ఎంతంటే 60 మిల్లీసెకన్లు అనుకో. 12,000 ఆర్‌పీఎం దగ్గర ఆ కాసేపట్లోనే క్రాంక్ 12 చుట్లు తిరిగేస్తది, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 24 పేలుళ్లు ఆగిపోతాయి. అందుకే 10 మిల్లీసెకన్ల తేడా నీ కాలికి కూడా తెలుస్తది.

స్పార్క్ ఆపే ఆ సమయం, కిల్ టైం, తక్కువైతే డాగ్స్ ఇంకా పూర్తిగా దిగకముందే పవర్ వచ్చేస్తది, అంచులు అంచులు కొట్టుకుంటాయి. ఎక్కువైతే ముందు చక్రం ఫోర్క్ కిందికి కూలబడి మళ్లీ లేస్తది, వాలి ఉన్నప్పుడు మార్చావంటే బండి లైను తప్పుద్ది. కొత్తలో అన్ని గేర్లకీ ఒకటే 50 మిల్లీసెకన్లు పెట్టుకుని తిరిగినోణ్ణి నేను, వేగంగా మారుతుందని సంతోషం. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు చిన్న "టక్" వినపడేది, పట్టించుకోలేదు. కొన్నాళ్లకి రెండో గేర్ లోడ్ మీద దానంతటదే బయటికి వచ్చేయడం మొదలెట్టింది. ఇంజన్ విప్పి ఆ గేర్‌ని లైటు కింద పెట్టి చూస్తే, చాకు అంచులా ఉండాల్సిన డాగ్స్ మూలలు వాడేసిన సబ్బుబిళ్లలా గుండ్రంగా అయిపోయి మెరుస్తున్నాయి, గోరు పెడితే జారిపోతంది. గేర్‌బాక్స్ ఫోర్క్ చివర ఒక పక్క నీలం రంగు తిరిగింది, వేడికి. ఆ సీజన్ అక్కడితో అయిపోయింది నాకు.

కాబట్టి గేర్ గేర్‌కీ వేరే టైం పెట్టు. ఒకటి నుంచి రెండుకి మధ్యలో న్యూట్రల్ దాటాలి, ఆర్‌పీఎం కూడా ఎక్కువ పడాలి, అక్కడ 80 దగ్గర మొదలెట్టు, పైకెళ్లే కొద్దీ తగ్గిస్తా చివరికి 55 దగ్గర ఆపు. తర్వాత ఒక్కో గేర్‌కీ 5 చొప్పున తగ్గిస్తా, ఎక్కడ గరుకు మొదలైందో అక్కడినుంచి ఒక మెట్టు వెనక్కి వచ్చేయ్. ఎక్కువలోంచి తక్కువకి రా, తక్కువలోంచి ఎక్కువకి వద్దు, ఎక్కువైతే బండి ఊగడమే, తక్కువైతే గేర్‌బాక్స్.

క్విక్‌షిఫ్టర్ సెన్సర్ కొనేముందు చూసుకున్నావో లేదో, పుష్, పుల్ అని రెండు రకాలుంటాయి. నువ్వు ట్రాక్ కోసం గేర్ ప్యాటర్న్ తిరగేసి ఒకటి పైకి, మిగతావి కిందకి చేశావు కదా, ఆ లింకేజ్ తిరగేసినప్పుడు రాడ్ లాగాల్సిందల్లా నెట్టడం అయ్యే అవకాశం ఉంది. లివర్ చేత్తో కదిపి రాడ్ ఎటు పోతందో కళ్లతో చూడు. సెన్సిటివిటీ మరీ మెత్తగా పెట్టకు, కార్నర్‌లో పాదం ఆనగానే కిల్ కొట్టిందంటే ఆ కుదుపుకి ఏమైనా అవ్వొచ్చు. గేర్ మార్చేటప్పుడు థ్రాటిల్ తెరిచే ఉంచు, ఒక్కసారి గట్టిగా తన్ను, వెంటనే కాలు తీసేయ్. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు డాగ్స్ రెండో వైపు నుంచి ఒత్తుకుని ఉంటాయి, అప్పుడు స్పార్క్ ఆపితే లోడ్ దిగదు. గేర్ తగ్గించేటప్పుడు మామూలుగానే క్లచ్ పట్టి థ్రాటిల్ బ్లిప్ ఇవ్వు, అంటే ఒక్క క్షణం తెరిచి మూసేయ్, నీది కేబుల్ థ్రాటిల్ బండి, దానంతటది బ్లిప్ కొట్టదు.

ట్రాక్షన్ కంట్రోల్ చివర. నీ డబ్బాలో ఉన్న రకం చక్రాల స్పీడ్ చూడదు, ఆర్‌పీఎం ఎంత వేగంగా పెరుగుతుందో చూస్తది. ఫలానా గేర్‌లో టైర్ పట్టు ఉన్నప్పుడు ఇంజన్ ఇంతకన్నా వేగంగా పైకి పోలేదు అని దాని లెక్క, దాటితే టైర్ జారినట్టే అనుకుని స్పార్క్ కోస్తది. అంటే క్లచ్ స్లిప్పయినా, గేర్ సరిగ్గా పడకపోయినా అది మోసపోద్ది. నీ మ్యాప్‌లో ఎక్కడైనా ఉన్నట్టుండి ఎగిరే చోటు ఉంటే దాన్ని కూడా జారుడే అనుకుంటది. పెట్రోలూ గేర్లూ ముందు కుదరాలని నేను పట్టుబట్టేది అందుకే. 2015లో యమహా ఆర్1 బండి కదలికల్ని కొలిచే సిక్స్ యాక్సిస్ ఐఎంయూ సెన్సర్‌తో వచ్చింది, అలాంటి బండ్లకి తాము ఎంత వాలి ఉన్నామో తెలుసు, నీ డబ్బాకి తెలీదు. నిటారుగా ఉన్నా నేల మీద పాకుతున్నా దానికి ఒకటే.

అదేం కాపాడుద్దో సరిగ్గా తెలుసుకో. వెనక టైర్ జారగానే భయపడి థ్రాటిల్ టక్కున మూసేస్తే టైర్ ఒక్కసారి పట్టు దొరికించుకుని, నొక్కుకున్న సస్పెన్షన్ స్ప్రింగ్‌లా విడిచి నిన్ను గాల్లోకి విసిరేస్తది, హైసైడ్ అంటే అదే. ఆ మూసే పని నీ చేతికన్నా మెత్తగా చేయడమే ట్రాక్షన్ కంట్రోల్ పని. ముందు టైర్ జారితే అది చేసేదేమీ లేదు. చల్లటి టైర్‌ని వేడి చేయలేదు, ప్రెషర్ తప్పుని దిద్దలేదు.

మొదట బాగా ఎక్కువ అడ్డుకునేలా పెట్టుకో, మెట్టు మెట్టుగా తగ్గించు, ప్రతి మెట్టుకీ ఒక సెషన్ ఇవ్వు, పుస్తకంలో రాస్కో. ప్రతి ల్యాప్‌లో ఒకే కార్నర్ దగ్గర అది తడబడుతుందంటే సెట్టింగ్ తగ్గించేయకు, ముందు అక్కడ నీ చెయ్యి ఏం చేస్తందో, వెనక షాక్ రీబౌండ్ (నొక్కుకుని తిరిగి లేచే వేగం) ఎలా ఉందో, టైర్ అంచు ఎలా అరిగిందో చూడు. మోటోజీపీ బైక్ రేసుల్లో 2016 నుంచి అందరికీ ఒకటే మాగ్నెటి మరెల్లి ఈసీయూ, ఒకటే సాఫ్ట్‌వేర్, అయినా అన్ని బండ్లూ ఒకేలా పోవు, తేడా అంతా కార్నర్ కార్నర్‌కీ కూర్చుని సర్దుకునే దాంట్లోనే ఉంది.

వైరింగ్ ఒక్కటి మిగిలింది. గ్రౌండ్ వైరు ఫ్రేమ్‌కి కాకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి ఇవ్వు. ఇగ్నిషన్ కాయిల్స్ పక్కనుంచీ ఎగ్జాస్ట్ పక్కనుంచీ ఏ వైరూ లాగకు. నా బండి ఒకటి ఎడమ కార్నర్లలో మాత్రమే ఆగి ఆగి వచ్చేది, కుడి వైపు బ్రహ్మాండంగా పోయేది, రెండు రోజులు మ్యాపులు మార్చుకుంటా కూర్చున్నా. చివరికి చూస్తే స్టీరింగ్ మెడ దగ్గర జిప్ టై గట్టిగా లాగేసి ఉంది, హ్యాండిల్ ఎడమకి తిరిగినప్పుడల్లా వైరు సాగి, పైన రబ్బరు బాగానే కనపడతా లోపల రాగి తీగ తెగి ఉంది.

నువ్వు మాడ్యూల్ బిగించాక హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, రెండు వైపులా ఆ వైరు ఎలా ఉందో ఫోటోలు తీసి పంపు. టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) కాలిబ్రేషన్ చేశాక స్క్రీన్ ఫోటో కూడా. నేను చూసి సరే అన్నాకే బండి పై తొడుగు, ఫెయిరింగ్, ఎక్కించు.

మీ మామయ్య