పెద్ద మానిటర్ కొనే ముందు ఇంట్లో తేలవలసిన మాట

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. శ్రీకాకుళంలో రెండు గదుల ఇంట్లో మావారు, అత్తగారు, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయితో ఉంటున్నాను. ఆరేళ్లుగా ఇంటి నుంచే కొందరు పలాస జీడిపప్పు వ్యాపారులకు, రెండు రైసు మిల్లులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తున్నాను. పనంతా అబ్బాయి చదువుకునే అడుగున్నర వెడల్పు బల్ల మీద, 15.6 అంగుళాల లాప్‌టాప్‌లోనే. ఏడాదిగా మెడనొప్పి, సాయంత్రమైతే తలనొప్పి. 32 అంగుళాల ఫోర్‌కే (చాలా సన్నని చుక్కలతో బొమ్మ చూపే) మానిటర్ కొనుక్కుంటానంటే, "హాల్లో 43 అంగుళాల టీవీ ఉండగా ఇదెందుకు, దానికే తగిలించుకో" అని మావారు అంటున్నారు. వచ్చే ఏడాది అబ్బాయి ఇంటర్ ఫీజులు ఉన్నాయన్నది ఆయన బాధ. అంత పెద్ద తెర ముందు కూర్చుంటే కళ్లు పోతాయని అత్తగారి భయం. నా చీటీ డబ్బు చేతికి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా కొనేసి, నేను లెక్కలు రాసే షావుకారు ఒకరు ఇచ్చారని చెప్పేద్దామా అనిపిస్తోంది. అది తప్పా?

సలహా: అమ్మా, మీరు చివర అడిగిన దానికే ముందుగా జవాబు చెబుతాను. అలా చెప్పి కొనకండి. అబద్ధం ఎప్పుడో ఒకనాడు బయటపడుతుందన్న భయంతో ఈ మాట అనడం లేదు. ఆరేళ్లు కష్టపడి సంపాదించిన సొమ్ముతో కొన్న వస్తువును మరొకరు దయతలచి ఇచ్చినదిగా చెబితే, మీ పనికి లెక్క లేదన్న అభిప్రాయానికి మీరే సాక్ష్యం పలికినట్లవుతుంది. పైగా, లెక్కలు రాసే మనిషి వ్యాపారి దగ్గర ఖరీదైన కానుక తీసుకున్నదన్న మాట పలాసలో నలుగురి నోటా పడితే, మీ వృత్తికి కావలసిన నమ్మకం దెబ్బతింటుంది.

మీ ఉత్తరంలో మానిటర్ గురించి ఎంత ఉన్నదో, మీ పని ఇంట్లో ఎవరికీ కనబడడం లేదన్న బాధ కూడా అంతే ఉన్నది. ఇది మీవారి కాఠిన్యం వల్ల వచ్చిందని నేను అనుకోను. ఉద్యోగానికి బయటికి వెళ్లే మనిషికి ఒక కుర్చీ, ఒక వేళ, ఒక జీతపు రోజు ఉంటాయి కనుక ఆ పని ఇంటివారందరికీ కనిపిస్తుంది. కూర పొయ్యి మీద పెట్టి, అబ్బాయి పుస్తకాలు పక్కకు జరిపి, వాటి మధ్యనే చేసే పని ఎంత పెద్దదైనా ఖాళీ వేళల్లో చేసుకునే వ్యాపకంలాగే కనబడుతుంది. కాబట్టి మానిటర్ ధర గురించి మాట్లాడే ముందు, ఆ పని ఎలా ఉంటుందో ఆయన కళ్లతో చూడనివ్వండి.

ప్రతి నెలా 11వ తేదీలోగా అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేస్తారు, 14న కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు దొరికే క్రెడిట్ పట్టిక 2బీ వస్తుంది, 20వ తేదీలోగా పన్ను కట్టే రిటర్ను 3బీ దాఖలు కావాలి. ఆ మధ్య ఆరు రోజుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోని కొనుగోళ్ల పట్టికను, జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్న 2బీ ఎక్సెల్‌ను బిల్లు తరువాత బిల్లుగా సరిపోల్చే సాయంత్రాలలో ఒకదాన్ని ఎంచుకుని, ఒక్క గంటసేపు పక్కన కూర్చుని బిల్లు నెంబర్లు చదివి పెట్టమని మీవారిని అడగండి. చిన్న తెర మీద ఒక పట్టిక మూసి రెండోది తెరిచేలోగా పదిహేను అక్షరాల జీఎస్టీ నెంబరును మనసులో మోయవలసి రావడం, మధ్యలో ఎవరో పిలిస్తే మళ్లీ మొదటికి రావడం ఆయనకు అప్పుడు తెలుస్తుంది. రాకూడని పన్ను క్రెడిట్‌ను పొరపాటున వాడుకుంటే ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టవలసి వస్తుందనీ, ఆ వడ్డీ వ్యాపారి నెత్తిన పడినా మాట పడవలసింది మీరేననీ ఆ సందర్భంలో నెమ్మదిగా చెప్పండి. దెప్పిపొడవడానికి గాని, నెగ్గడానికి గాని ఆయనను కూర్చోబెట్టకండి. సాయం అడిగినట్లే అడగండి, ఎందుకంటే అది నిజంగా సాయమే.

ఆయన చెప్పిన టీవీ మార్గాన్ని కొట్టిపారేయవద్దు. ఆయన మీ ఇబ్బందిని విని, ఖర్చు లేని దారి వెతికారు. అయితే ఆ దారి ఎందుకు కుదరదో వివరంగా చెప్పవచ్చు. మీది ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే, 43 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 51 చుక్కలే (పిక్సెళ్లే) ఉంటాయి. అదే ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల మానిటర్‌లో 92 ఉంటాయి. మంచం మీద కూర్చుని చూసే దూరానికి టీవీ బొమ్మ చక్కగానే ఉంటుంది గాని, చదివేంత దగ్గరకు వస్తే అంకెల అంచులు చెదురుతాయి. అన్నిటికీ మించి, సాయంత్రం వేళ ఆ టీవీ మీ అత్తగారిది. మీ పని కోసం ఆవిడ సీరియళ్లు ఆపించడం మొదలుపెడితే, ఇప్పటివరకు లేని తగవు ఒకటి ఇంట్లోకి వస్తుంది.

ఇక మీ కోరిక విషయంలో కూడా నేను పూర్తిగా మీ పక్షాన లేను. 32 అంగుళాల ఫోర్‌కే మీకు అవసరం లేదు. ఆ తెర మీద అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తాయి కనుక వాటిని 150 శాతానికి పెంచుకుంటారు. పెంచిన తరువాత మీకు దొరికే చోటు 2560×1440 చుక్కలున్న 27 అంగుళాల మానిటర్ ఇచ్చేంతే. అక్షరం మరింత నునుపుగా ఉంటుంది, అంతే. పాత లాప్‌టాప్‌లో తెర తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకానిదే అయితే ఫోర్‌కే తెర సెకనుకు 30 సార్లే మారి మౌస్ బరువుగా కదులుతుంది. 1440 తెరకు ఆ చిక్కు ఉండదు. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, అందులో ట్యాలీ ఒక సగంలో, ఎక్సెల్ ఒక సగంలో హాయిగా ఇముడుతాయి. మిగిలిన సొమ్మును అబ్బాయి ఫీజుకు తీసి పెట్టానని మీరే ముందుగా చెబితే, మీవారి బాధ కూడా మీ లెక్కలో ఉందని ఆయనకు తెలుస్తుంది.

అడుగున్నర బల్ల అంటే దాదాపు 45 సెంటీమీటర్లు. తెర కంటికి 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి కనుక, ఆ బల్ల మీద స్టాండుతో నిలబెడితే మరీ మొహం మీదికి వస్తుంది. వెనుక 75 లేదా 100 మిల్లీమీటర్ల ఎడంతో బిగింపు రంధ్రాలున్న మానిటర్ చూసుకుని గోడకు బిగించండి. బల్ల ఖాళీ అవుతుంది, మీరు లేచాక అబ్బాయి పుస్తకాలు పరుచుకోవచ్చు. పదో తరగతి పరీక్షల ఏడాదిలో ఇది చిన్న విషయం కాదు. కీబోర్డు, మౌస్ విడిగా కొనండి. కిటికీ తెరకు ఎదురుగా గాని, వెనుక గాని లేకుండా పక్కకు ఉండేలా గోడను ఎంచుకోండి. ఇన్వర్టర్ ఉంటే ఆ లైను సాధారణంగా ఫ్యాన్లకు, లైట్లకే పరిమితమై ఉంటుంది కనుక, ఈ ప్లగ్గుకు కూడా కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీ జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు.

అత్తగారి భయాన్ని తోసిపుచ్చకండి, ఎందుకంటే మీ కళ్ల గురించి ఆ ఇంట్లో మొదట ఆలోచించింది ఆవిడే. తెర పెద్దదైనంత మాత్రాన కళ్లు చెడవు. గంటల తరబడి ఒకే దూరాన్ని చూడటం, రెప్ప వేయడం తగ్గిపోవడం వల్ల కళ్లు అలసి పొడిబారతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న పెరటి కొబ్బరిచెట్టునో, ఎదురింటి మేడనో 20 సెకన్లు చూస్తే ఆ అలసట తగ్గుతుంది. ఆ వేళ గుర్తుచేసే పని ఆవిడకే అప్పగిస్తే సంతోషిస్తారు.

అయితే మీ తలనొప్పికి తెర ఒక్కటే కారణమని తీర్మానించకండి. 41 ఏళ్ల వయసులో చత్వారం మొదలై ఉండవచ్చు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనో, మీకు అలవాటైన కంటి డాక్టరు దగ్గరో పరీక్ష చేయించుకుని, తెర ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుందో చెప్పి అద్దాలు రాయించుకోండి. తెర పై అంచు కంటి మట్టానికి సమంగా గాని, కాస్త దిగువగా గాని ఉండాలి. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంతో చూసే ప్రోగ్రెసివ్ అద్దాలు రాస్తే ఇంకొంచెం దించాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూస్తూ కొత్త మెడనొప్పి తెచ్చుకుంటారు. అందువల్ల గోడకు మేకులు కొట్టేది అద్దాలు వచ్చాకే. అద్దాలు పెట్టుకున్నాక కూడా తలనొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించుకోండి.

ఇంత చెప్పినా మీవారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కూడా కొనండి. అది మీ పనిముట్టు, చీటీ మీరు కట్టినది. కాని ఏది, ఎంతకు, ఏ రోజు కొంటున్నారో ముందే ఆయనకు చెప్పి, బిల్లు మీ పేరు మీద తీసుకోండి. వీలైతే దుకాణానికి ఆయననూ రమ్మనండి. ఈ సంభాషణను మాత్రం 3బీ గడువు ఒత్తిడిలో పెట్టుకోకండి. ఆయన మీ పక్కన కూర్చున్న గంట ఆ ఆరు రోజుల్లో ఉండనివ్వండి, డబ్బు మాట 20వ తేదీ దాటాక వచ్చే ఆదివారం, అత్తగారు కూడా కూర్చుని ఉన్నప్పుడు ఎత్తండి.